‘నీకు ఫోను’ నుంచి ‘నీ ఫోను’ వరకు: ల్యాండ్‌లైను, మొబైలు వాడుకలో మార్పులు – తెలుగు సంభాషణారీతి

వ్యాససంగ్రహం

టెలిఫోను వాడుకలో వచ్చిన మార్పులను సాధారణంగా కనెక్షన్ల సంఖ్యతోనో, పరికరాల రూపంతోనో వివరిస్తారు. భాషాపరమైన చర్చ వచ్చినప్పుడు అది ‘దూరవాణి’, ‘చరవాణి’ వంటి పదాల దగ్గరే ఆగిపోతుంది. క్రియలను, సంభాషణ ప్రారంభ ముగింపులను, గౌరవవాచకాలను, విభక్తి ప్రయోగాన్ని గమనిస్తే మరొక చరిత్ర కనిపిస్తుంది. ఇంటికి చెందిన ఫోను మనిషికి చెందిన ఫోనుగా మారిన క్రమం తెలుగు వాక్యంలోనే నమోదై ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ మార్పు అందరికీ సమానంగా అందలేదని, దానివల్ల లేఖాసాహిత్య అధ్యయనానికి కొత్త సమస్య ఎదురైందని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ల్యాండ్‌లైను, మొబైలు, సంభాషణారీతి, గౌరవవాచకాలు, విభక్తి, లేఖాసాహిత్యం.

1. ఉపోద్ఘాతం

కొత్త వస్తువు ఏది వాడుకలోకి వచ్చినా భాషాభిమానులు మొదట వెతికేది దాని పేరు. టెలిఫోను వచ్చినప్పుడు ‘దూరవాణి’, మొబైలు వచ్చినప్పుడు ‘చరవాణి’ పుట్టాయి. రెండూ ‘ఆకాశవాణి’ని గుర్తుచేసే సంస్కృత సమాసాలే. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ఆహ్వానపత్రికలు వీటిని ఆదరించాయి. మాట్లాడే తెలుగులో మాత్రం ‘ఫోను’, ‘సెల్లు’ స్థిరపడ్డాయి. ఈ పరిస్థితిని చూసి ఒక వర్గం తెలుగు ఓడిపోయిందని బాధపడుతుంది. మరొక వర్గం కొత్త పదాలను ఇంకా గట్టిగా ప్రచారం చేయాలంటుంది.

ఈ రెండు వాదాలకూ పునాది ఒక్కటే. భాష అంటే వస్తువుల పేర్ల పట్టిక అనే భావన అది. నిజానికి ‘ఫోన్’ అనే హలంతశబ్దం ‘ఫోను’గా, ‘సెల్’ ‘సెల్లు’గా, ‘సిమ్’ ‘సిమ్ము’గా అజంతమైనప్పుడే తెలుగు వాటిని తన ధ్వనినియమాలకు లోబరుచుకుంది. ‘బిల్లు’, ‘రైలు’ వంటి పదాలు అంతకుముందే నడిచిన దారి ఇది. ఆ పైన తెలుగు చేసిన అసలు పని క్రియల్లోనూ, సంబోధనల్లోనూ జరిగింది. ఆ పనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఎదురుచూపు నుంచి అందుబాటుకు

భారతదేశంలో 1882 ప్రాంతంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోను ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. చాలాకాలం ఫోను ప్రభుత్వ కార్యాలయాలకు, వ్యాపార సంస్థలకు, సంపన్నుల ఇళ్లకు పరిమితమైంది. దూరప్రాంతానికి మాట్లాడాలంటే ట్రంకాలు బుక్ చేసి ఆపరేటరు కలిపేదాకా కాచుకోవాలి. 1960లో కాన్పూరు, లక్నో నగరాల మధ్య నేరుగా నంబరు తిప్పి మాట్లాడే ఎస్.టి.డి. సౌకర్యం ప్రారంభమైనా, అది చిన్న పట్టణాలకు చేరడానికి దశాబ్దాలు పట్టింది.

1984లో సి-డాట్ సంస్థ ఏర్పడింది. గ్రామాల వేడికి, దుమ్ముకు తట్టుకొనే చిన్న ఎక్స్ఛేంజీలను అది దేశీయంగా తయారుచేసింది. 1980ల చివరినుంచి పసుపురంగు బోర్డులతో ఎస్.టి.డి. బూతులు వీధివీధినా వెలిశాయి. అయినా సొంత కనెక్షను సులభంగా దొరకలేదు. 1994 జాతీయ టెలికాం విధానపత్రం ప్రకటించేనాటికి దేశంలో ప్రతి వందమందికి ఉన్న ఫోన్లు 0.8 మాత్రమే. అదే పత్రం ప్రకారం దాదాపు 25 లక్షలమంది దరఖాస్తుచేసుకొని వేచి ఉన్నారు.

1995 జూలై 31న అప్పటి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుంచి కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో దేశంలో మొబైలు సేవలు మొదలయ్యాయి. తొలి సంవత్సరాల్లో ఫోను చేసినవారితోపాటు అందుకున్నవారు కూడా నిమిషాల లెక్కన డబ్బు చెల్లించవలసి వచ్చేది. 1999 టెలికాం విధానం కంపెనీల స్థిర లైసెన్సు రుసుమును ఆదాయంలో వాటాగా మార్చింది. 2003లో చేసినవారే చెల్లించే పద్ధతి అమలై ఇన్‌కమింగు ఉచితమైంది. మరుసటి సంవత్సరమే, అంటే 2004లో, మొబైళ్ల సంఖ్య ల్యాండ్‌లైన్లను దాటిపోయింది. సుమారు ఐదుకోట్ల దాకా పెరిగిన ల్యాండ్‌లైన్లు 2020 నాటికి రెండు కోట్ల స్థాయికి పడిపోయాయి.

ఆ తరువాత ఫైబరు ఇంటర్నెట్ వల్ల తీగ కనెక్షన్లు మళ్లీ పెరిగి మూడు కోట్లు దాటాయి. అయితే ఈ పెరుగుదలను ల్యాండ్‌లైను పునరాగమనంగా భావించలేం. ఫైబరుతోపాటు వచ్చే నంబరు ఆ ఇంట్లోవారికే గుర్తుండదు. చాలా ఇళ్లలో ఆ తీగకు ఫోను పరికరమే తగిలించి ఉండదు. గణాంకం ఒకటే అయినా అది సూచించే సామాజికవస్తువు మారిపోయింది. అందుకే సంఖ్యలకు తోడు భాషాసాక్ష్యం కూడా అవసరమవుతుంది.

3. నిలిచిన క్రియలు – నిలవని క్రియలు

ఫోనుకు సంబంధించి తెలుగులో ఏర్పడిన క్రియలను రెండు వర్గాలుగా విభజించవచ్చు. ‘నంబరు తిప్పడం’, ‘ట్రంకాలు బుక్ చేయడం’, ‘లైను దొరకడం’ మొదటి వర్గం. ‘ఫోను ఎత్తడం’, ‘ఫోను పెట్టేయడం’, ‘ఫోను రావడం’ రెండవ వర్గం.

మొదటి వర్గం దాదాపుగా అంతరించింది. గుండ్రటి డయలు పోయి బొత్తాలు వచ్చాక ‘తిప్పడం’ పోయి ‘నొక్కడం’, ‘కొట్టడం’ వచ్చాయి. పేరును తాకితే ఫోను వెళ్లే కాలంలో వాటికీ పెద్దగా పనిలేదు. రెండవ వర్గం మాత్రం చెక్కుచెదరలేదు. మొబైలులో రిసీవరు లేదు. దాన్ని ఎత్తే పనిగాని, తిరిగి పెట్టే ఆధారపీఠంగాని లేవు. అయినా “ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు”, “మాట పూర్తికాకముందే పెట్టేశాడు” అనే వాక్యాలు నేటికీ సహజంగా వినిపిస్తాయి.

ఈ తేడాకు కారణం ఆ క్రియల అర్థస్వభావంలో ఉంది. ‘తిప్పడం’ పరికరంపై వేలు చేసే పనిని మాత్రమే చెబుతుంది. ‘ఎత్తడం’ ఎదుటివారి పిలుపును అంగీకరించడాన్ని, ‘పెట్టేయడం’ ఆ సంబంధాన్ని తెంచడాన్ని చెబుతాయి. ‘ఎత్తలేదు’ అన్నమాటలో నిష్ఠురం ఉంది. ‘పెట్టేశాడు’ అన్నమాటలో అవమానం ఉంది. పరికరానికి కట్టుబడిన క్రియ పరికరంతోనే పోయింది. మనుషుల మధ్య వ్యవహారానికి కట్టుబడిన క్రియ పరికరం మారినా మిగిలింది. ‘కలపడం’ అనే క్రియ దీనికి మరో ఉదాహరణ. ఆపరేటర్లతోపాటు పోవలసిన ఆ మాట, ఒకేసారి ముగ్గురు మాట్లాడుకొనే సౌకర్యం వచ్చాక “వాణ్ణి కూడా కలుపు” అంటూ తిరిగి బతికింది.

‘మిస్డ్ కాల్ ఇవ్వడం’ కూడా ఇక్కడ చర్చించదగినదే. అందుకోలేకపోయిన కాలు అనే అర్థంగల ఆంగ్లపదానికి తెలుగు ‘ఇవ్వడం’ అనే సంకల్పపూర్వక క్రియను చేర్చింది. తప్పిపోయినది ఇచ్చేదిగా మారింది. నిమిషానికి ఇంత అని డబ్బు పోయే రోజుల్లో ‘చేరాను’, ‘కిందికి రా’, ‘నువ్వే చెయ్యి’ వంటి కబుర్లన్నీ పైసా ఖర్చులేని ఆ ఒక్క మోతలో ఇమిడాయి. 2016లో చౌక డేటాతోపాటు ఉచిత కాల్స్ విస్తరించాక దాని అవసరం తగ్గింది. ఆ పదబంధం పేదరికం నేర్పిన పొదుపుకు భాషలో మిగిలిన గుర్తు.

4. ‘నీకు ఫోను’, ‘నీ ఫోను’

ల్యాండ్‌లైను కాలంలో ఫోను మోగితే ఎత్తినవారు ఎవరికోసమో వచ్చిన పిలుపును వారికి అందజేసేవారు. “అన్నయ్యా, నీకు ఫోను”, “పిన్నీ, మీకు ఫోనొచ్చింది” అనేవి ఆ ఇళ్లలో నిత్యం వినిపించిన వాక్యాలు. ఇందులో ‘ఫోను’ అంటే పరికరం కాక పిలుపు. అది చుట్టంలా, ఉత్తరంలా ‘వస్తుంది’. పరికరం ఇంటిది, పిలుపు మాత్రమే వ్యక్తిది. మొబైలు కాలంలో అదే సందర్భంలో వినిపించే వాక్యం “నీ ఫోను మోగుతోంది”. ఇక్కడ ‘ఫోను’ పరికరం. అది వ్యక్తికి సొంతం.

సంప్రదాయ వ్యాకరణం ‘కి, కు, యొక్క’ ప్రత్యయాలను షష్ఠీవిభక్తి కిందనే చెప్పింది. ఆధునిక భాషాశాస్త్రం ‘కి, కు’లను సంప్రదానార్థంగా, ‘యొక్క’ లేదా ఔపవిభక్తిక రూపాన్ని సంబంధార్థంగా వేరుచేస్తుంది. పై రెండు వాక్యాల మధ్య జరిగిన ప్రయాణం సంప్రదానం నుంచి సంబంధానికి, అంటే అందుకోవడం నుంచి కలిగి ఉండడానికి జరిగిన ప్రయాణం.

“నీకు ఫోను చేస్తాను” అనే వాక్యం నేటికీ ఉంది కదా అనే ఆక్షేపణ రావచ్చు. అది ఫోను చేసేవారి వాక్యం. అందులో మార్పు రావలసిన పనిలేదు. మారినది మధ్యనున్న మూడోవ్యక్తి వాక్యం. పిలుపును అందుకొని, కావలసినవారిని కేకవేసి, “లైనులో ఉండండి, పిలుస్తాను” అని చెప్పే ఆ మధ్యవర్తి పాత్రే ఇళ్లలో తగ్గిపోయింది.

ఆ పాత్ర విస్తృతి ‘పి.పి. నంబరు’లో కనిపిస్తుంది. సొంతఫోను లేనివారు పొరుగింటి నంబరును తమ చిరునామా కింద రాసి పక్కన ‘పి.పి.’ అని చేర్చేవారు. ‘పర్టిక్యులర్ పర్సన్’ అనే ట్రంకాలు పరిభాషనుంచి వచ్చిన ఈ రెండక్షరాలు పొరుగువారి ఓర్పును, పరిచయాన్ని, కొంత మొహమాటాన్ని కలిపి సూచించాయి. పక్కింటివారి హాలులో నిలబడి మాట్లాడినవారికి ఏకాంతం ఉండదు. ఆ ఇంటివారికి కబురు తెలియకా మానదు. ల్యాండ్‌లైను కాలాన్ని కేవలం ఆత్మీయతల యుగంగా కీర్తించేవారు ఈ రెండో పార్శ్వాన్ని విస్మరిస్తారు. ఆడపిల్లకు వచ్చిన ఫోనును ముందుగా ఎత్తి ‘ఎవరు, ఎందుకు’ అని ఆరాతీసిన పెద్దరికం కూడా ఆ హాలులోనే ఉండేది.

5. ‘ఎవరండీ?’ నుంచి ‘ఎక్కడున్నావ్?’ వరకు

ఎత్తేది ఎవరో తెలియని స్థితి ల్యాండ్‌లైను సంభాషణకు మూలం. అందువల్ల మొదటి ప్రశ్న “ఎవరండీ మాట్లాడేది?”. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ ఎంపిక లేకుండా వాక్యం నడవదు. క్రియాంతంలోనూ అది బయటపడుతుంది. వయసు, వావి, హోదా తెలియనప్పుడు భద్రమైన రూపం గౌరవరూపమే. కాబట్టి ల్యాండ్‌లైను సంభాషణ ‘అండీ’తో మొదలై, గొంతు గుర్తుపట్టాక “ఓహో, నువ్వట్రా!” అంటూ చనువులోకి దిగేది. అపరిచితుని పట్ల గౌరవంతో ఆరంభించడం ఆ పరికరం విధించిన మర్యాద.

మొబైలు తెరపై పేరు ముందే కనిపిస్తుంది. గుర్తింపు దశ అవసరం లేదు. ‘హలో’కు బదులు “చెప్పరా”, “ఆఁ, చెప్పు”, “చెప్పండి సార్” వంటి ప్రారంభాలు వచ్చాయి. ఎత్తకముందే గౌరవస్థాయి నిర్ణయమైపోయింది. అపరిచితుని నంబరు వచ్చినప్పుడు మాత్రం పాత మర్యాదకు బదులు అనుమానం పలకరిస్తుంది. తెలియని నంబరును ఎత్తకపోవడం నేడు తప్పుగా ఎవరూ భావించరు. మోసపూరిత కాల్స్ పెరిగిన పరిస్థితిలో అది జాగ్రత్త కూడా. తెలియనివారితో ‘అండీ’ అని మొదలుపెట్టే సందర్భం మాత్రం దానితో తగ్గింది.

అదే సమయంలో ప్రశ్న ‘ఎవరు’ నుంచి ‘ఎక్కడ’కు మారింది. ల్యాండ్‌లైను నంబరు ఒక స్థలానికి చెందినది. ఎత్తినవారు ఎక్కడున్నారో అడగనక్కరలేదు. మొబైలు నంబరు వ్యక్తికి చెందినది; ఆ వ్యక్తి ఎక్కడైనా ఉండవచ్చు. “ఎక్కడున్నావ్?” ప్రేమతో అడిగితే క్షేమసమాచారం, అధికారంతో అడిగితే నిఘా. భార్యను భర్త, కూలీని మేస్త్రీ, ఉద్యోగిని అధికారి అడిగే ఆ ప్రశ్నలో స్వరం ఒక్కటే అర్థాన్ని నిర్ణయిస్తుంది. హాలులోని పెద్దరికం పోయిందనుకున్నచోట అది మరోరూపంలో జేబులోకి చేరింది.

6. ‘ఉంటాను’: ముగింపులో కొనసాగింపు

మార్పుల మధ్య నిలిచిన ఒక రూపాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. ఎదురుగా ఉన్నవారి దగ్గర సెలవు తీసుకొనే తెలుగువారు ‘వెళ్తాను’ అనడానికి సంకోచించి ‘వెళ్లొస్తాను’ అంటారు. ఫోనులో వెళ్లడం లేదు, రావడమూ లేదు. అక్కడ తెలుగు ఎంచుకున్న మాట ‘ఉంటాను’. “సరే మరి, ఉంటానండీ” అనడంతో సంభాషణ ముగుస్తుంది. మాట ముగుస్తున్న క్షణంలో ‘ఉంటాను’ అనడం వైరుధ్యంగా కనిపించినా, అందులో సంబంధం కొనసాగుతుందనే భరోసా ఉంది.

ఈ ముగింపు ఉత్తరాల్లోనూ ఉంది. విషయమంతా రాశాక “ఇక ఉంటాను” అని ముగించడం వ్యక్తిగత లేఖల్లో పరిచితమైన పద్ధతి. ఉత్తరమూ ఫోనూ రెండూ దూరంగా ఉన్నవారితో జరిపే వ్యవహారాలే కాబట్టి రెండింటికీ ఒకే ముగింపు అతికింది. ల్యాండ్‌లైను నుంచి మొబైలుకు, అక్కడినుంచి వీడియో కాలుకు కూడా అది చెక్కుచెదరక చేరింది. ‘దూరవాణి’ అనే నామవాచకం సాధించలేని సహజత్వాన్ని ‘ఉంటాను’ అనే క్రియ ఏ ప్రచారమూ లేకుండానే సాధించింది. వాట్సాప్ రాతలో మాత్రం ఈ ముగింపు కూడా సన్నగిల్లుతోంది. ఎప్పటికీ తెరిచే ఉండే సంభాషణకు సెలవు తీసుకొనే ఘట్టమే రాదు.

7. సొంతం అనే మాటకు హద్దులు

మొబైలును ‘వ్యక్తి ఫోను’గా నిర్వచించే సిద్ధాంతానికి ఒక పరిమితి ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015–16)లో తాము స్వయంగా వాడుకొనే మొబైలు ఉన్న మహిళలు దేశంలో దాదాపు 46 శాతం. ఐదో విడత (2019–21) నాటికి అది 54 శాతం. పెరుగుదల ఉన్నా, 15–49 ఏళ్ల మహిళల్లో దాదాపు సగం మందికి ‘నా ఫోను’ అనే మాట అప్పటికి వర్తించలేదు. నంబరు అడిగినప్పుడు “మా ఆయన నంబరు రాసుకోండి”, “మా అబ్బాయి ఫోనుకు చేయండి” అనే సమాధానం మొబైలు కాలంలో కొనసాగుతున్న ‘పి.పి. నంబరు’.

మరోవైపు, గల్ఫ్ దేశాలకు వలసవెళ్లిన తెలుగు కార్మికుల కుటుంబాలకు మొబైలు చేసిన మేలు తక్కువది కాదు. నెలకొకసారి బూతుకు వెళ్లి మీటరు అంకెలు చూస్తూ మాట్లాడిన భార్య, నేడు వంటింట్లో పనిచేసుకుంటూనే భర్త ముఖం చూసి మాట్లాడగలుగుతోంది. కాబట్టి ‘మొబైలు మనుషులను విడదీసింది’ అనే సామాన్యీకరణ, ఎవరి దృష్టినుంచి అన్నది తేల్చకుండా చెల్లదు. ఒకే కప్పు కింద ఉన్నవారిని అది విడదీసి ఉండవచ్చు; సముద్రాలకు అటూ ఇటూ ఉన్నవారిని కలిపింది.

8. లిపి సమస్యకు సాంకేతిక మూలం

సంక్షిప్తసందేశాలతో ఫోనులోకి రాత ప్రవేశించింది. తెలుగువారు తెలుగును ఆంగ్లలిపిలో రాయడం అప్పుడే వ్యాపించింది. దీన్ని కేవలం భాషాభిమాన లోపంగా నిందించడం పరిపాటి. సాంకేతిక కారణాన్ని కూడా చూడాలి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఆంగ్లలిపికి 160 అక్షరాల చోటుంటే, యూనికోడ్ లిపులకు 70 సంకేతాలే. ‘బాగున్నారా’ అనే పదం యూనికోడ్‌లో పది సంకేతాలు. ఆంగ్లలిపిలోనూ దాదాపు అన్నే అక్షరాలు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు కావాలి. అంటే సందేశం పొడవు మారకున్నా, తెలుగులిపిలో పంపితే దొరికే చోటు సగంకన్నా తక్కువ. ప్రతి సందేశానికీ ధర ఉన్న రోజుల్లో ఇది మాతృభాషాలిపిపై విధించిన పన్నువంటిది. పైగా నాటి ఫోన్లలో ఎక్కువభాగం తెలుగులిపిని చూపలేకపోయేవి.

భారతీయభాషల్లో సందేశాలు చదివే వీలు ఫోన్లలో ఉండాలనే ప్రమాణం 2016లో గాని రాలేదు. అప్పటికి ఒక తరం వేళ్లు ఆంగ్లలిపికి అలవాటుపడ్డాయి. సాంకేతిక అడ్డంకి తొలగినా అలవాటు తొలగకపోవడానికి ఆ ఆలస్యమే ప్రధానకారణం. ‘చరవాణి’ అనే పదంకోసం వెచ్చించిన శ్రద్ధలో కొంతైనా చరవాణిలో తెలుగు లిపికోసం సకాలంలో వెచ్చించి ఉంటే భాషకు ఎక్కువ మేలు జరిగేది.

9. కథనానికి, లేఖాసాహిత్యానికి ఎదురైన ప్రశ్నలు

సమాచారం సకాలంలో అందకపోవడం కథానిర్మాణంలో బలమైన సాధనం. చేరని ఉత్తరం, ఆలస్యమైన టెలిగ్రాం, కలవని ట్రంకాలు కథను మలుపుతిప్పేవి. అందరి చేతిలో ఫోనున్న కాలపు కథలో ఆ మలుపు సులభంగా కుదరదు. దాన్ని సాధించడానికి ‘సిగ్నల్ లేదు’, ‘ఛార్జింగ్ అయిపోయింది’, ‘స్విచాఫ్ వచ్చింది’ వంటి ఉపాయాలను ఆశ్రయించడం కనిపిస్తుంది. ఇవి పాత కథావస్తువుకు అతికించిన కొత్త మాసికలు. సందేశం చేరిందని, చదివారని తెలిసినా జవాబు రాకపోవడంలో ఉన్న వేదన ఈ కాలానికే చెందినది. అందకపోవడంనుంచి అందినా స్పందించకపోవడంవైపు సంఘర్షణ కేంద్రం జరిగిందని గుర్తించిన రచనే కొత్త వాస్తవాన్ని పట్టుకోగలుగుతుంది.

పరిశోధకులకు ఇంతకన్నా తీవ్రమైన ప్రశ్న ఆధారాలకు సంబంధించినది. చలం ‘ప్రేమలేఖలు’, గోపీచంద్ ‘పోస్టు చేయని ఉత్తరాలు’ వంటివి లేఖారూపానికి సాహిత్యగౌరవం తెచ్చాయి. రచయితల వ్యక్తిగత లేఖలు వారి జీవితాలను, రచనల నేపథ్యాన్ని తెలుసుకోవడానికి ఆకరాలయ్యాయి. ల్యాండ్‌లైను విస్తరించిన దశాబ్దాల్లో ఆ మాటలన్నీ తీగల్లోనే కరిగిపోయాయి. మొబైలు రాతను తిరిగి తెచ్చిందిగాని, ఆ రాత పరికరం పాడైతే, ఖాతా పోతే, నంబరు మారితే అదృశ్యమవుతుంది. ట్రంకుపెట్టెలో దొరికే ఉత్తరాల కట్టకు సమానమైనది వాట్సాప్‌కు లేదు. 2013 జూలైలో టెలిగ్రాం సేవలు ముగిసినప్పుడు చాలామంది చివరి టెలిగ్రాంను జ్ఞాపికగా దాచుకున్నారు. మొబైలు సందేశాలపట్ల అటువంటి స్పృహ ఇంకా ఏర్పడలేదు.

10. ముగింపు

పై పరిశీలనవల్ల కొన్ని అంశాలు తేలుతున్నాయి. ఫోనువల్ల తెలుగుకు జరిగిన మార్పును ఆంగ్లపదాల లెక్కతో కొలవలేం. పరికరంపై ఆధారపడిన క్రియలు పోగా, మానవసంబంధాన్ని చెప్పే క్రియలు నిలిచాయి. ‘నీకు’ అన్న సంప్రదానం ‘నీ’ అన్న సంబంధంగా మారడంలో ఇంటి ఫోను వ్యక్తి ఫోనైన చరిత్ర ఉంది. అపరిచితునితో గౌరవంగా మొదలయ్యే సంభాషణ తగ్గింది. అదే సమయంలో, పెద్దల అనుమతి లేకుండా మాట్లాడలేని స్థితినుంచి కొందరికైనా విముక్తి దొరికింది. ఆ విముక్తి మహిళల్లో సగంమందికి ఆలస్యంగానైనా పూర్తిగా అందలేదు.

ఈ దిశలో తక్షణం జరగవలసింది సేకరణ. ట్రంకాలు బుక్ చేసిన తరం, ఆపరేటర్లుగా, బూతు నిర్వాహకులుగా పనిచేసినవారు ఇంకా అందుబాటులో ఉన్నారు. వారి నోట నిలిచిన పదజాలాన్ని ప్రాంతాలవారీగా నమోదుచేయడం విశ్వవిద్యాలయ తెలుగుశాఖలకు సాధ్యమైన పని. కుటుంబాలు తమ ఫోన్లలోని సందేశాలను, గొంతులను సమ్మతితో భద్రపరిచే పద్ధతులను కూడా లేఖాసాహిత్య పరిశోధన రూపొందించుకోవాలి. నిఘంటువులోకి ‘చరవాణి’ చేరింది. “నీకు ఫోను” అని పిలిచిన వాక్యానికి మాత్రం ఇంకా ఏ సంకలనంలోనూ చోటు దొరకవలసి ఉంది.